కోదాడలో తెగిన పట్టీలు, మిర్యాలగూడలో నా ఉత్తరం

తొంభైల మొదట్లో ఒకసారి సూర్యాపేటలో బయలుదేరి కోదాడ, మిర్యాలగూడ రెండూ ఒక్క రోజులో తిరిగి వచ్చాను. నన్ను బస్సెక్కించింది అసూయే, అది ముందే ఒప్పుకుంటాను. అప్పట్లో సూర్యాపేటలోనే పోలియో వచ్చిన పిల్లల కాళ్లకు ఇనుప ఊచలు, తోలు పట్టీలతో కాలిపర్లు చేసిచ్చే చిన్న కేంద్రం నడిపేదాన్ని. చేత్తో కుడితే ఒక్క జతకు వారం పట్టేది. ఎంతోమంది పిల్లలు వరసలో ఉండేవారు. తోలు కుట్టే మిషన్ ఒక్కటుంటే చాలనుకునేదాన్ని. నా దగ్గరే రెండేళ్లు పని నేర్చుకుని కోదాడలో వేరుగా పెట్టుకున్న సరోజకూ అదే మిషన్ కావాలట!

మిర్యాలగూడలో మిల్లుల వారు, దుకాణదారులు, టీచర్లు కలిసి ఒక సేవా నిధి పెట్టుకున్నారు. చుట్టుపక్కల చిన్న సంస్థలకు కావలసిన వస్తువులు కొనిచ్చేవారు. ఆ ఏడు మిషన్ ఒక్కటే ఇస్తామన్నారు. వారి పద్ధతి విచిత్రంగా ఉండేది. అర్జీ పెట్టినవారు ఒకరి పని ఒకరు చూసి వచ్చి ఉత్తరం రాయాలి. సాటి పనివాళ్లకే లోతుపాతులు తెలుస్తాయని వారి నమ్మకం. ముందు వారమే సరోజ మా కేంద్రం చూసి వెళ్లింది. ఇప్పుడు నా వంతు.

ఏడింటికి బస్సెక్కితే ఎనిమిదిన్నర లోపే కోదాడలో దిగాను. స్టాండ్ పక్క హోటల్లో మూడు రూపాయలకు వేడివేడి ఇడ్లీ దొరికింది. వండే ఆమెను సరోజ కేంద్రం ఎక్కడని అడిగాను. "సరోజమ్మా! శానా మంచి మనిషి. గీ సందులనే ఉంటది," అంది. ఇడ్లీ సగంలో వదిలేసి లేచాను.

"రండక్కా, పొద్దున్నే బయలుదేరారా?" అంటూ సరోజ నవ్వుతూ ఎదురొచ్చింది. ఇల్లు ఇరుకు. బల్ల మీద కాలిపర్లు గుట్టగా పడి ఉన్నాయి. ఒక్కటి తీసి చూద్దును కదా, పట్టీ తెగి ఉంది. ఇంకొకటి తీశాను. దానికి సైకిల్ ట్యూబు ముక్కతో అతుకు. నిజం చెప్పొద్దూ, సంతోషం పట్టలేకపోయాను. మా కేంద్రంలో గోడకు తగిలించినవి ఏడాదైనా కొత్తవాటిలా మెరుస్తుంటాయి మరి. చిలుకూరు నుంచి కూతురి కాలిపర్ పట్టుకొచ్చిన ఒక తల్లి, "బడికి పోయొస్తది గదా మేడం, ఎన్నిసార్లు కుట్టినా ఆగుతలేవు," అంది. ఆ మాట నాకు చెవికెక్కలేదు. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లే బస్సులో, రెండు గంటల ప్రయాణంలో, ఉత్తరం రాసేశాను: 'పట్టీలన్నీ తెగి ఉన్నాయి. నాణ్యత లేదు.' అబద్ధం ఒక్కటీ లేదు.

నిధి పెద్ద ఒక ముసలి మిల్లు యజమాని. నా ఉత్తరం చదివి, సొరుగులోంచి సరోజ ఉత్తరం తీశాడు.

"సరోజమ్మ నీ గురించి మంచిగనే రాసిందమ్మా. ఏడాదైనా ఒక్క పట్టీ తెగలేదట."

"అవునండీ, ఒక్కటీ తెగలేదు," అన్నాను గర్వంగా.

"మా హమాలీల చెప్పులు మూడు నెలలు గూడ ఆగవు," అని కళ్లద్దాలు తీశాడు. "మరి మీ పిల్లలు నడుస్తలేరా అమ్మా?"

మిషన్ కోదాడకు వెళ్లింది. ఇప్పించింది నా ఉత్తరమే.

సాయంత్రం బస్సులో సూర్యాపేట దాకా సరోజను తిట్టుకుంటూనే వచ్చాను. కావాలనే అలా రాసిందా, మెచ్చుకునే రాసిందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. మా పిల్లలు కేంద్రంలో కాలిపర్లు తొడుక్కుని నాలుగడుగులు వేసి, మళ్లీ విప్పేసి తల్లుల చంకనెక్కి ఇళ్లకు పోయేవారు. పాడవుతాయని ఇళ్లకు పంపనిది నేనే. మర్నాడు గోడ మీదవన్నీ దించి ఎవరివి వారికి ఇచ్చి పంపాను. పదిహేను రోజులకు మొదటి పట్టీ తెగింది. దాన్ని చేత్తో కుడుతూ కూడా సరోజ మిషన్‌ను తలుచుకుని కుళ్లుకున్నాను. మీరూ ఇలాంటి నిధికి అర్జీ పెట్టుకునేటట్టయితే, చూడటానికి వచ్చినవారికి అరిగినవి, చిరిగినవి ముందు చూపించండి.