నీళ్లలో అక్షరాలు చదివిన కంపోజిటరు

పంతొమ్మిది ఉదయాలు వట్టి చేతులతో ఇంటికి తిరిగొచ్చి, ఇరవయ్యో ఉదయం కంపోజిటరు కె టి ఏడును చదివాడు. ఆ రోజు మడుగు ఒడ్డున, పిట్టలను చూసే చెక్క గదిలో ఇంకో నలుగురు ఉన్నారు. నలుగురి దగ్గరా ఆయన దుర్భిణి కంటే మంచివే ఉన్నాయి. చదివింది మాత్రం ఆయనొక్కడే. ఈ మాట పిట్టల సంరక్షణ కేంద్రం రిజిస్టరులో తేదీతో సహా రాసి ఉంది.

కె టి ఏడు అంటే ఒక ఉల్లంకి పిట్ట కాలికి వేసిన పచ్చ పట్టీ మీది గుర్తు. ఎక్కడో చలిదేశంలో గుడ్లు పెట్టి, చలికాలానికి ఈ సముద్రపు ఒడ్డు మడుగుల్లో దిగే పిట్టలు వేలల్లో ఉంటాయి. వాటిలో కొన్నిటికి, ఉత్తరాన ఉన్న ఒక ద్వీపంలో పట్టుకుని, రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక అంకె ఉన్న పట్టీ తొడిగి వదిలేస్తారు. ఇక్కడ ఎవరైనా ఆ గుర్తు చదివి పంపితే, ఆ పిట్ట ఎంత దూరం ఎగిరిందో, ఎన్నేళ్లు బతికిందో అక్కడ తెలుస్తుంది. చెప్పుకోవడానికి సులువే. పట్టీ చూస్తే గోరంత, పిట్ట చూస్తే రెండు వందల గజాల అవతల. అది కాస్త కునుకు తీద్దామని పొట్ట ఈకలు వదులు చేసిందంటే సగం పట్టీ ఈకల కింద దాక్కుంటుంది. ఆ పూట నలుగురూ పిట్ట ఎప్పుడు కదులుతుందా అని గుడ్లప్పగించి చూస్తున్నారు. కంపోజిటరు పిట్టను చూడడం మానేసి దాని కిందున్న నీళ్లను చూశాడు. గాలి లేదు. మడుగు అద్దంలా ఉంది. ఈకలు కప్పిన పట్టీ నీళ్లలో కింది నుంచి మొత్తం కనబడుతోంది, తలకిందులుగా.

తలకిందుల అక్షరం ఆయనకు కొత్త కాదు. ఐదో తరగతితో బడి మానేసి, పన్నెండో ఏట ప్రెస్సులో చేరి, నలభై ఒక్క సంవత్సరాలు తెలుగూ ఇంగ్లీషూ సీసం అక్షరాలు పేర్చినవాడు. ప్రెస్సులో అక్షరం కాళ్లు పైకి, తల కిందికి పెట్టుకుని నిలబడుతుంది. కంపోజిటరు దాన్ని అలాగే, ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతాడు. మడుగులో నీడ కూడా సరిగ్గా అంతే. అచ్చయిన కాగితం చదవాలంటే ఆయనకు కొంచెం ఓపిక కావాలి. సీసం వరసైతే గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు.

ప్రెస్సులో ఆయన సాధించినవి తక్కువేమీ కాదు. గంటకు పద్నాలుగు వందల అక్షరాలు పేర్చాడు. పదకొండేళ్లు పరీక్ష పేపర్లు ఆయన చేతి మీదుగా వెళ్లాయి, ఒక్క ప్రశ్న బయటకు పొక్కలేదు. మూడొందల పేజీల వైద్య గ్రంథానికి రెండో ప్రూఫు అవసరం లేకుండా చేశాడు. ఆ గ్రంథం మీద రచయిత పేరుంది, ప్రెస్సు యజమాని పేరుంది, కాగితం అమ్మినవాడి పేరు కూడా ఉంది. పేర్చినవాడి పేరు లేదు. వేలమంది పేర్లు ఒక్కో అక్షరమూ ఏరి పెట్టిన మనిషి తన పేరు అచ్చులో చూసుకోకుండానే ప్రెస్సు మూతబడింది.

అందుకే సంరక్షణ కేంద్రం గుమ్మం పక్కనున్న బోర్డు ఆయనకు అంత ముఖ్యమైంది. పైన ‘పట్టీలు చదువువారు’ అని ఉంటుంది. కింద ఆరు పేర్లు. ఆ ఆరుగురు రాసిందే ద్వీపానికి వెళుతుంది. కె టి ఏడును చదివిన రెండు నెలలకు ఆరో పేరుగా ఆయన పేరు ఎక్కింది. ఆరు చలికాలాల్లో రెండు వందల పన్నెండు పట్టీలు చదివాడు. మిగిలిన ఐదుగురూ కలిపి అందులో సగం కూడా చదవలేదు.

ఇంట్లో మాత్రం ఈ ప్రతాపం చెల్లలేదు. భార్య అదే ప్రెస్సులో బైండింగు విభాగంలో అచ్చయిన కాగితాల ఫారాలు మడిచిన మనిషి. మాట కూడా మడత నలగకుండా అంటుంది.

“లోకంలో మగాళ్లు పెళ్లాల కాళ్లకు పట్టీలు కొంటారట. మా ఆయన పిట్టల కాళ్లకు పట్టీలు వెతుకుతాడు.”

“నీ కాళ్ల మీద అక్షరాలేమైనా ఉన్నాయా, చదవడానికి?”

“వాపు ఉంది. దాన్ని చదవండి ముందు.”

ఆ ఆరో చలికాలం, జనవరి చివరి వారంలో కేంద్రం అధికారిణి ఆయన్ను లోపలికి పిలిచింది. ముప్పై ఏళ్లుంటాయి. ఆయన్ను బాబాయ్ అనే పిలుస్తుంది. ఆ రోజు కుర్చీ చూపించి కూడా మాట మొదలుపెట్టలేదు.

“నీళ్లు నమలకుండా చెప్పమ్మా,” అన్నాడు కంపోజిటరు.

“పోయిన వారం మీరు హెచ్ డబ్ల్యూ రెండు రాశారు కదా బాబాయ్.”

“రాశాను. ఇసుక తిన్నె మీద. గంటసేపు చూశాను.”

“ఆ పిట్ట చచ్చిపోయి మూడేళ్లయింది. వలలో పడిందట. పట్టీ ఊడదీసి ద్వీపం వాళ్ల బల్ల సొరుగులో పెట్టుకున్నారు.”

“మొన్న పొద్దున పురుగుల్ని ఏరుకు తింది,” అన్నాడు.

“ఒక్కటి తప్పయితే మిగిలినవి కూడా అనుమానమే అంటున్నారు. మొత్తం రెండు వందల పన్నెండూ పక్కన పెట్టమన్నారు. తేలేదాకా బోర్డు మీద పేరు కూడా…” ఆమె మిగతాది మింగేసింది.

పేరు చెరపలేదు. గేటు కాపలాదారు దాని మీద తెల్ల కాగితం అంటించాడు. ఆ పని అతనికి ఇష్టం లేదు. అందుకే కంపోజిటరు చూస్తుండగానే నాలుగుసార్లు దగ్గాడు.

“ఏమనుకోకండి గురువుగారూ. పై నుంచి చెప్పారు.”

“అనుకోవడానికేముంది. జిగురు ఎక్కువైంది, మడతలు పడ్డాయి చూడు. అంచుల నుంచి పూయాలి.”

ఇంటికి వచ్చి భోజనం బల్ల దగ్గర కూర్చున్నాడు. తన కంటిని తప్పు పట్టడం ఆయనకు చేతకాలేదు. ఆ పిట్టను చూశాడు, ఆ అక్షరాలను చూశాడు. పెన్సిలు తీసి, తను ఇసుక తిన్నె మీద చూసింది చూసినట్టే కాగితం మీద గీశాడు. వీపు వెనక భార్య గిన్నె తుడుస్తూ వంగి చూసింది.

“హెచ్ ఎమ్ రెండు,” అంది.

“హెచ్ డబ్ల్యూ రెండు.”

“ఎమ్ గీసి డబ్ల్యూ అంటారేమిటి?”

“ఇది ఎమ్మా?”

“రెండు కాళ్లూ నేల మీద ఆనించుకుని నిలబడి ఉంది. ఎమ్ కాకపోతే ఏమిటి? నేను అచ్చయిన కాగితం చదివినదాన్ని. మీరు సీసం చదివినవారు.”

కంపోజిటరు పెన్సిలు కింద పెట్టాడు. నలభై ఒక్క సంవత్సరాలు ఆయన చేతిలో ఎమ్ డబ్ల్యూలాగే నిలబడింది, డబ్ల్యూ ఎమ్‌లాగే నిలబడింది. నీళ్లలో నీడ చూసినప్పుడు ఆ అలవాటు ఆయన్ను గట్టెక్కించింది. పొడి ఇసుక మీద పిట్ట తిన్నగా నిలబడి, పట్టీ తిన్నగా కనబడితే, అదే అలవాటు ఆ అక్షరాన్ని తిప్పేసింది. మిగతా అక్షరాలు తిప్పినా ఇంకో అక్షరం కావు కాబట్టి వాటితో చిక్కు రాలేదు. తప్పు చేయగలిగిన చోటు ఇదొక్కటే. ఆ చోట ఆయన తప్పు చేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆరు నోటుపుస్తకాలు సంచిలో వేసుకుని అధికారిణి బల్ల మీద పెట్టాడు. ప్రెస్సులో ఏ పని పేర్చినా, అక్షరాలు ఏ కేసులోంచి, అంటే ఏ అరల పెట్టెలోంచి తీశారో పక్కన రాసుకోవాలి. పని అయ్యాక అక్షరాలను తిరిగి ఆ అరల్లోకే సర్దాలి కాబట్టి ఆ రాత. ఆ అలవాటు కొద్దీ ఆయన ప్రతి పట్టీ పక్కనా పిట్ట ఎక్కడ నిలబడిందో రాశాడు. నీళ్లయితే ‘నీ’, ఇసుకయితే ‘ఇ’, బురదయితే ‘బు’. రాయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

“రెండు వందల పన్నెండులో ఎమ్, డబ్ల్యూ ఉన్నవి ముప్పై నాలుగమ్మా. అందులో నీళ్లలో చదివినవి పంతొమ్మిది. అవి సరైనవి. నేల మీద చదివినవి పదిహేను. వాటిలో తప్పులుంటాయి. మిగిలిన నూట డెబ్బై ఎనిమిదింటికీ పూచీ నాది.”

“పదిహేనూ తప్పేనా?”

“కాకపోవచ్చు. కొన్నిసార్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని చదివి ఉంటాను.”

ఆమె నవ్వలేదు. ముప్పై నాలుగు గుర్తులనూ రెండు వరుసల్లో రాసి ద్వీపానికి పంపింది. పదకొండు రోజులు జవాబు లేదు. ఆ పదకొండు రోజులూ కంపోజిటరు మామూలుగానే మడుగుకు వెళ్లాడు. టికెట్టు కొనుక్కుని, చూడ్డానికి వచ్చే జనం కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు. పట్టీలు కనబడ్డాయి, చదివాడు. ఎక్కడా రాయలేదు. గుమ్మం దాటేటప్పుడు బోర్డు వైపు తల తిప్పలేదు.

కాపలాదారు ఒకరోజు ఊరుకోలేక సలహా ఇచ్చాడు. “గురువుగారూ, ఇసుక మీద పిట్ట కనబడితే మీరే తలకిందులుగా నిలబడితే సరిపోతుంది కదా.”

“నా కాళ్లు నువ్వు పట్టుకుంటావా?”

“పట్టుకుంటాను. అమ్మగారికి మాత్రం మీరే చెప్పుకోవాలి.”

పన్నెండో రోజు జవాబు వచ్చింది. నీళ్లలో చదివిన పంతొమ్మిదీ సరిపోయాయి. నేల మీద చదివిన పదిహేనులో పదకొండు తిరగబడ్డాయి. తిరగేసి చూసుకుంటే ఆ పదకొండు పిట్టలూ బతికే ఉన్నాయి. వాటిలో రెండిటిని ద్వీపం వాళ్లు పోయినవాటి జాబితాలో వేసేశారు. హెచ్ ఎమ్ రెండు అందులో ఒకటి. నాలుగు చలికాలాలుగా ఎవరికీ కనబడలేదని రాసుకున్నారు. అది మాత్రం ఈ తిన్నె మీద పురుగులు ఏరుకుంటూనే ఉంది, కంపోజిటరు పుస్తకంలో ఇంకో పేరుతో.

కాపలాదారు తడిగుడ్డ పెట్టి కాగితం ఊడదీశాడు. జిగురుతో పాటు పేరులో మొదటి అక్షరం సగం లేచి వచ్చింది. అధికారిణి పెయింటరును పిలిపిస్తానంది. కంపోజిటరు సన్న కుంచె అడిగి తీసుకుని, నిలబడ్డ చోటే తన అక్షరం తాను దిద్దుకున్నాడు. నేల మీద ఎమ్ గానీ డబ్ల్యూ గానీ కనబడితే ఇంకొకరు కూడా చూసి సంతకం పెట్టాలని కొత్త నియమం పెట్టారు. ఆ నియమం రాయించింది ఆయనే. సంతకం పెట్టే పనికి ఆయన భార్యను తీసుకోవచ్చని కూడా ఆయనే సూచించాడు. ఆమె వారానికి రెండు రోజులు వస్తానంది, బెంచీ మీద దిండు వేస్తే.

మార్చిలో పిట్టలు వెళ్లిపోయాయి. జూలైలో ద్వీపం నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది, ఈసారి నేరుగా ఇంటికి. తలకిందులైతే ఇంకో అక్షరంలా కనబడేవి తీసేసి, పట్టీల మీద వేయాల్సిన అక్షరాలు కొత్తగా ఎంచుకోవాలనుకుంటున్నారు. అచ్చు అచ్చుకూ ప్రూఫు చూడ్డానికి ఆయన్ను రమ్మన్నారు. ఆరు వారాల పని. పట్టీలతో పాటు వెళ్లే చిన్న పుస్తకంలో, అక్షరాలు ఎంచినవారి పేరు వేస్తామని రాశారు.

భార్య ఆ ఉత్తరాన్ని తిన్నగా పట్టుకుని రెండుసార్లు చదివింది. “పేరులో తప్పు రాకుండా ప్రూఫు మీరే చూసుకోండి,” అంది. “లేదా నాకు పంపండి.”

ఆగస్టు పంతొమ్మిదిన ఆయన బయలుదేరాడు. సంరక్షణ కేంద్రం బోర్డు మీద ఆరో పేరు పక్కన అధికారిణి సుద్దముక్కతో రాసింది: సెలవు. తిరిగి వచ్చే తేదీ, అక్టోబరు నాలుగు.