గోవిందా అంటూనే తెడ్డు వెయ్యండి

మా డ్రిల్లు టీచరుగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఆవిడ ప్యాంటే కుడుతున్నాను. పోస్టాఫీసులో పనిచేసే నాగమణి ఫోన్ చేసి, "టీచరుగారు నిద్దట్లోనే పోయేరంటవే" అంది. నేను మిషను ఆపలేదు. చేతిలో ఉన్న కుట్టు చివరిదాకా వేసి, దారం తెంపి, అప్పుడు లేచాను. పని మధ్యలో వదిలేస్తే ఆవిడకు నచ్చేది కాదు.

వాళ్ళింటికి వెళ్ళేసరికి అరుగు మీద పెద్దవాళ్ళందరిదీ ఒకటే మాట. ఆ మంచునీళ్ళలో కొట్టుకుపోకుండా దేవుడే ఆపాడట, ఇంట్లో మంచం మీద పోవడం అదృష్టమట. నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడికి ఆవిడ మీద అంత శ్రద్ధే ఉంటే దసరా వెళ్ళేదాకా ఆగేవాడు. ఆ నీళ్ళు ఒక్కసారి చూడనిచ్చేవాడు.

ఆ మంచునీళ్ళ సంగతి మీకు చెప్పాలి. అంతకంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

రాజోలు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆవిడ మాకు ఖోఖో, కబడ్డీ నేర్పారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక కూడా మెళ్ళో నల్లతాడుకి విజిల్ వేలాడుతూ ఉండేది. కూరలబండి ఆపాలన్నా, బస్సు ఆపాలన్నా అదే ఊదేవారు. ఒకసారి పెళ్ళి ఊరేగింపు రోడ్డంతా ఆక్రమించి కదలకపోతే ఊదారు. బ్యాండువాళ్ళే కాదు, పెళ్ళికొడుకు కూడా పక్కకి జరిగాడు. ఆ పెళ్ళికొడుకు మామగారికి ఇప్పటికీ ఆవిడంటే కోపమే.

కిందటి కార్తీకంలో నలుగురు పాత విద్యార్థినుల్ని ఆవిడ ఇంటికి పిలిచారు. నేను, నాగమణి, నాగమణి తోడికోడలు, అంబాజీపేట కొబ్బరికొట్టులో పనిచేసే సత్యవేణి. కాఫీ ఇచ్చి, ఫోన్లో ఒక వీడియో చూపించారు. ఉత్తరాదిన అలకనంద నది. గాలి నింపిన రబ్బరు పడవలో కొందరు ఆడవాళ్ళు తెడ్లు వేస్తూ, బండల మధ్య నురగలు కక్కే నీళ్ళలోంచి దూసుకొస్తున్నారు. నాలుగు రోజుల ప్రయాణం, చీకటి పడితే ఒడ్డున ఇసకలో గుడారాలు. వచ్చే దసరా వెళ్ళగానే మనం వెళ్తున్నామని చెప్పారు. వస్తారా అని అడగలేదు.

"గోదారి మన దగ్గరికొచ్చేసరికి ముసల్దైపోద్దమ్మా. వయసులో ఉన్న నది ఎలా ఉంటాదో చూసి చావాలి నేను" అన్నారు.

అలకనంద వేరు, గోదారి వేరు కదండీ అంది నాగమణి. దానికి ఆవిడ, నీ చిన్నప్పటి ఫోటో దొరక్కపోతే మీ చెల్లెలి ఫోటో చూస్తాం కదే, ఇదీ అంతే అన్నారు.

చుట్టూ పాయలూ కాలవలూ ఉన్న సీమలో పుట్టి కూడా మాలో ఒక్కరికీ ఈత రాదు. మగపిల్లలకి నడుముకి ఎండు కొబ్బరికాయల జత కట్టి కాలవలోకి తోస్తారు. ఆడపిల్లల్ని బిందె ఇచ్చి రేవు మెట్టు మీదే ఆపేస్తారు. టీచరుగారు మాకు ఆ కొబ్బరికాయలే కట్టారు. మొదటిరోజు నైటీలతోనే దిగాం. లోపల గాలి చేరి అవి ఉబ్బిపోయాయి, మేం మునగనూ లేదు, కదలనూ లేదు. గట్టు మీద సైకిళ్ళు ఆపుకుని జనం నవ్వారు. ఆవిడ విజిల్ ఊది, నవ్వేవాళ్ళు కూడా దిగొచ్చు, ఫీజు లేదన్నారు. ఒక్కడూ దిగలేదు. మర్నాటి నుంచి అందరికీ ప్యాంట్లు కుట్టే పని నా మీద పడింది. ఆవిడ ప్యాంటు మాత్రం, అందరివీ అయ్యాక చూద్దువుగాని అంటూ వాయిదా వేస్తూ వచ్చారు.

ఈత వచ్చాక తెప్ప. లారీ ట్యూబుల్ని వెదురు బద్దలకి కొబ్బరితాడుతో బిగించి, లైఫ్ జాకెట్లు తెప్పించి, గోదారి వైనతేయ పాయలో దిగాం. టీచరుగారు ముందు కూర్చునేవారు. ఒకరోజు బళ్ళని అవతలి ఒడ్డుకి దాటించే పంటు మా పక్కనుంచి వెళ్ళింది. దాని కెరటం వచ్చి తెప్పకి తగిలింది. వెంటనే మేం నలుగురం తెడ్లు వదిలేసి, తాడు పట్టుకుని, తల వంచుకుని, "గోవిందా" అని బిగుసుకుని కూర్చున్నాం.

ఇది మాకు ఉగ్గుపాలతో పోసిన బుద్ధి. రేవు దాటేటప్పుడు పడవ ఊగితే పెద్దవాళ్ళు మమ్మల్ని మోకాళ్ళ మధ్య బిగించి, కదలకు, దేవుణ్ణి తలుచుకో అనేవారు. నాటుపడవలో అది మంచి మాటే. అక్కడ గెడ వేసేవాడు వేరే ఉంటాడు. మా తెప్పకి దిక్కు మేమే. అది అడ్డం తిరిగి, తాపీగా, మర్యాదగా బోల్తా కొట్టింది.

టీచరుగారు నీళ్ళలోంచి తేలి, విజిల్లో చేరిన నీళ్ళు దులిపి మావైపు తిరిగారు. తిడతారనుకున్నాం.

"గోవిందా అనొద్దన్లేదమ్మా. గోవిందా అంటూనే తెడ్డు వెయ్యండి. ఆయనొచ్చేదాకా మన పని మనం చూసుకోవాలి కదా."

ఈ మాట మాకు నీళ్ళలో కంటే గట్టు మీదే ఎక్కువ పనికొచ్చింది. నాగమణి తోడికోడలు ఆ ధైర్యంతోనే స్కూటీ నేర్చుకుంది. మలుపు దగ్గర గట్టిగా గోవిందా అంటుంది, అంటూ బ్రేకు వేస్తుంది.

ఇళ్ళల్లో ఒప్పించడమే కెరటం కంటే కష్టమైంది. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. ఫోన్లో విషయం చెబితే, బద్రీనాథ్ యాత్ర అని చెప్పెయ్, మా అమ్మ నోరెత్తదు అని ఉపాయం చెప్పారు. నాకూ అది బాగానే ఉందనిపించింది. ఎదురుగా కూర్చున్న టీచరుగారు చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నారు.

"బాబూ, మేం పుణ్యానికెళ్ళట్లేదు. ఆడుకోడానికెళ్తన్నాం. నువ్వక్కడ సెలవు రోజున క్రికెట్ ఆడతావంట కదా, దానికి ఏ యాత్రని పేరు పెట్టేవు?"

మా ఆయన నవ్వేశారు. కానీ వెళ్ళమని అనలేదు, ఆలోచిద్దామన్నారు. ఆడవాళ్ళు గుడికి వెళ్తామంటే దారి ఖర్చులిచ్చి పంపుతారు, ఆడుకుంటామంటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు, అందుకని పేరు మార్చామంటే ఆ ఒక్క ప్రయాణం మిగులుతుంది గానీ ఇక ఎప్పటికీ ఆట మిగలదు అని టీచరుగారు మాకు ఆ సాయంత్రమంతా నచ్చజెప్పారు. మేం ఒప్పుకున్నాం. మా అత్తగారు నెలరోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు.

సామాన్లు సర్దడం మీద పెద్ద యుద్ధమే జరిగింది. ఆవకాయ సీసా ఒక్కటి చాలన్నారు ఆవిడ. సత్యవేణి పూతరేకులు తెస్తానంటే, నీళ్ళలోకి పూతరేకులేమిటే అని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ రబ్బరు పడవలు నడిపే రాఫ్టింగువాళ్ళు అడిగారని అమలాపురంలో గుండె పరీక్ష చేయించుకున్నారు. గుండె బాగుందన్న కాగితం అందరికీ చూపించారు. నెల తిరక్కుండా ఆ గుండే ఆగింది. దాన్ని నేను క్షమించలేదు.

పెద్దకర్మ నాడు రామచంద్రపురంలో ఉండే టీచరుగారి తమ్ముడు మమ్మల్ని పెరట్లోకి పిలిచారు. మంచి మనిషి, అక్క మాటకి ఏనాడూ ఎదురుచెప్పలేదు. చేతిలో గుడ్డ కట్టిన చిన్న ముంత ఉంది. అస్థికలు గోదారిలో కలిపి, కొన్ని ఉంచారట. అలకనందలో మేం కలపవచ్చునని పురోహితుడు కూడా చెప్పారట.

"మీరెలాగూ అటెళ్దామనుకున్నారు కదమ్మా. అక్కని తీసుకెళ్ళండి. ఇంక మిమ్మల్నెవరూ ఏమీ అనరు" అన్నారు.

నిజమే, ఎవరూ ఏమీ అనలేదు. పొద్దుటిదాకా వద్దన్నవాళ్ళు ఆ మాట వినగానే మెత్తబడ్డారు. మా అత్తగారైతే స్వెట్టరు ఇస్తానన్నారు. ఆ ముంత తీసుకుంటే చాలు, దారంతా పూలబాటే. సత్యవేణి చెయ్యి చాపింది కూడా. చాపి, నా మొహం చూసి ఆగింది.

"ఇవి కూడా గోదాట్లోనే కలిపెయ్యండి బాబాయిగారూ. ఆవిడ మమ్మల్ని ఆడుకోడానికి రమ్మన్నారు. మోసుకురమ్మన్లేదు" అన్నాను. ఏడుపు వచ్చింది. అయినా మాట మార్చలేదు.

ఆయన నూతి గట్టు మీద కూర్చున్నారు. ముంత మళ్ళీ ఒడిలో పెట్టుకున్నారు. జేబులోంచి విజిల్ తీసి, అయితే ఇదైనా పట్టుకెళ్ళండమ్మా అని నా చేతిలో పెట్టారు.

మా ఆయనకి ఈ కబురు అప్పటికే సగం అందింది. ఫోన్ చేసి, మంచి పని, అస్థికలు కలపడానికైతే తప్పకుండా వెళ్ళు అన్నారు.

"అందుకు కాదండీ. ఆడుకోడానికే వెళ్తున్నాం."

"మా అమ్మకేం చెప్పమంటావు?" అన్నారు.

"అదే చెప్పండి" అన్నాను.

ఆయనేం చెప్పారో నాకు తెలియదు. మా అత్తగారు స్వెట్టరు ఇంకా ఇవ్వలేదు. టిక్కెట్లు మాత్రం తీసేశాం. దసరా వెళ్ళగానే బయల్దేరుతున్నాం. పడవలో ఒక చోటు ఖాళీగా ఉంచమని రాఫ్టింగువాళ్ళకి చెప్పాం.

వరద నీళ్ళు తీశాక, మొన్న మళ్ళీ వైనతేయలో తెప్ప దించాం. పాయ ఇంకా ఎర్రగానే ఉంది. విజిల్‌ని ముందున్న వెదురుబద్దకి కట్టాం. ఆవిడ కూర్చునే చోట ఎవరం కూర్చోలేదు. మధ్యకి వెళ్ళేసరికి పంటు వచ్చింది, కిక్కిరిసి ఉంది, జనమంతా మావైపే చూస్తున్నారు. కెరటం వచ్చి తగిలింది. నాగమణి "గోవిందా" అని గట్టిగా అరిచింది. నాలుగు తెడ్లూ ఒకేసారి నీళ్ళలో పడ్డాయి. తెప్ప ముక్కు పైకి లేచి, కెరటం ఎక్కి, అటువైపుకి దిగింది. ముందున్న ఖాళీ చోటు నిలువునా తడిసింది. బద్దకి కట్టిన విజిల్లోంచి ఎర్రనీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి.