పచ్చ బెల్టంటే ఏ పచ్చ

మా అత్తమ్మకు పాలిస్టర్ అంటే పెళ్లిళ్లలో పెట్టే చీర. చెమట పీల్చదు, కొంగు నిలవదు. అలాంటి దానితో తన సూడి బర్రెను బాయిలోంచి లేపుతానని అన్నప్పుడు, ఆమె నన్నే బాయిలోకి తోసేలా చూసింది.

నార్కట్‌పల్లి దగ్గర మాకు గ్రానైటు పలకల యార్డు ఉంది. బేరాలు మా ఆయనవి, సామాను నాది. బరువులు లేపే బెల్టులు రెండు రకాలు ఉండేవి. సన్నవి నైలాన్‌వి, సాగుతాయి. బురదలో దిగబడ్డ లారీని గుంజడానికి ఆ సాగుడే మంచిది. వెడల్పువి పాలిస్టర్‌వి, సాగవంటే సాగవు; పలక ఊగకుండా లేస్తుంది. ఈ తేడా మీద మేమిద్దరం చేసిన కొట్లాటలకు లెక్క లేదు. తెగకుంటే చాలన్నది మా ఆయన సిద్ధాంతం.

ఆ పొద్దున బర్రె గట్టు మీది గడ్డికి మెడ చాచి, మా ఊరి చెలకలోని రాతికట్టు బాయిలో పడింది. నీళ్లు దాని మోకాళ్ల దాకే ఉన్నాయి. దెబ్బలేమీ తగల్లేదు. కానీ కడుపులో ఎనిమిది నెలల దూడ ఉంది. పైకి లేపేటప్పుడు పొట్ట రాళ్లకు కొట్టుకుంటే అది దక్కదు. అత్తమ్మ ఒడ్డున కూర్చుని కిందికి బర్రెతో మాట్లాడుతూనే ఉంది. మా ఆయన నిచ్చెన వేసుకుని దిగాడు. నేను క్రేను డ్రైవరుకు ఫోన్ చేసి, సాగని రకాన్ని మనసులో పెట్టుకుని, పచ్చ బెల్టులు రెండు తెమ్మన్నాను.

అతను వచ్చి పసుపు రంగు నైలాన్ బెల్టులు దించాడు.

"పచ్చయి తెమ్మన్న గద తమ్మీ."

"గివి పచ్చగ లేవా అక్కా? పసుపు కన్న పచ్చగుంటదా ఏదన్న?"

"నేనన్నది ఆకుపచ్చయి."

"గట్లయితే ఆకువి అనాలె."

నా బి.యస్సీ. చదువు అక్కడ పనికి రాలేదు. బాయిలోంచి మా ఆయన అరిచాడు: "ఏదైతేంది? గవి లారీలనే గుంజినయి."

"లారీ కడుపుతోని లేదు."

"జర లేపి చూద్దం తియ్."

లేపి చూశారు. బెల్టు బిగిసింది, సాగింది, బర్రె కాళ్లు నీళ్లలోంచి తేలాయి. అది భయపడి తన్నుకుంది. తన్నిన ప్రతిసారీ బెత్తెడు కిందికి దిగి, బెత్తెడు పైకి లేచింది. దాని పక్కన మా ఆయన పడితే పట్టుకునేవాడిలా చేతులు చాపి, దానితోపాటే లేచి కూర్చుంటున్నాడు.

"నా బర్రె ఉయ్యాల ఊగుతాందే," అంది అత్తమ్మ ఏడుస్తూనే, నవ్వు ఆపుకోలేక.

ఊగి ఊగి రాతికట్టు వైపు జరిగింది. నేను దించమన్నాను. డ్రైవరు మెల్లగా దించాడు.

నిలువునా తడిసిన మా ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: "ఆకువే తెప్పియ్."

యార్డు నుంచి బండి మీద ఆకుపచ్చవి వచ్చాయి. ఇప్పుడు అత్తమ్మ అడ్డం కూర్చుంది.

"పాలిస్టరంట. కొంగే నిలవదు, బర్రె నిలుస్తదా?"

వాదించి లాభం లేదని బెల్టు ఒక కొస ఆమె చేతికిచ్చి, గుంజమన్నాను. రెండో కొస నేను పట్టుకున్నాను. ఆమె కాళ్లు తన్నిపట్టి ఒక్క గుంజు గుంజింది. బెల్టు పిసరంతైనా సాగలేదు. నేను బోర్లా పడ్డాను.

"గట్టిదే," అంది నన్ను లేపకుండానే, బెల్టును అటూ ఇటూ తిప్పి చూస్తూ. "చీరలు గిట్ల నేస్తే ఏం పోయె వాళ్లకు?"

రెండు బెల్టులూ వెడల్పుగా పొట్టకు ముందూ వెనకా పడ్డాయి. బర్రె తిన్నగా, ఊగకుండా, తనకెక్కడో పనుందన్న మొహం పెట్టి పైకి వచ్చింది. కాళ్లు నేలకానగానే, కొక్కెం ఇంకా తగిలించి ఉండగానే గడ్డి వైపు నడిచింది. బెల్టులు పట్టుకుని మేమందరం వెనక పరుగెత్తాం.

అత్తమ్మ దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంది.

"తంతాంది," అంది చివరికి.

నేను చెయ్యి పెట్టాను. నిజమే, లోపలి నుంచి తన్నింది. డ్రైవరు కూడా చెయ్యి పెట్టి చూశాడు, అతనికీ తెలిసింది. మా ఆయన చెయ్యి పెట్టగానే మాత్రం బర్రే తన్నింది.