కూత పెట్టిన బట్టలు

ఆమెను అందరూ లాండ్రీ అక్క అనేవారు. అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసేవాళ్ల బట్టలు ఉతకడం పంతొమ్మిదేళ్లుగా ఆమె పని. ఉతికి ఆరబెట్టిన ప్రతి బట్టనూ పరీక్ష మిషను మీదుగా పంపాలి. రేడియేషన్ మిగిలి ఉంటే మిషను కూత పెడుతుంది. వందకు ఒకటో రెండో కూసేవి. వాటిని వేరే తీసి పుస్తకంలో రాసేది.

భూకంపం వచ్చి కేంద్రం ఆగిపోయింది. మరమ్మతులకు వెళ్లినవాళ్ల బట్టలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఊళ్లో కరెంటు రోజుకు నాలుగు గంటలే. ఊపిరితిత్తులు పాడైన ఆమె భర్త ఆక్సిజన్ మిషను మీద బతుకుతున్నాడు. మరిది సోలార్ మెకానిక్. అన్న కోసం డాబా మీద నాలుగు పలకలు బిగించి, కింద బ్యాటరీ పెట్టాడు. ఎండ కాస్తే సరే. మబ్బు పట్టిన రోజు మధ్యాహ్నానికే బ్యాటరీ చతికిలబడేది, ఆమె సిలిండరు కోసం పరుగెత్తేది.

కేంద్రాన్ని మళ్లీ నడపాలా, దాని బదులు గాలిమరలూ సోలారూ పెట్టుకోవాలా చేతులెత్తి తేల్చడానికి స్కూలు హాల్లో మీటింగ్ అన్నారు.

“వదినా, నువ్వు మా వైపేగా?” అన్నాడు మరిది.

“మీ అన్న ఊపిరి కరెంటు తీగలోంచి వస్తోందయ్యా. మబ్బుకి నచ్చజెప్పి రా, ఇప్పుడే చెయ్యెత్తుతా.”

మీటింగుకు రెండు రోజుల ముందు వందలో ముప్పై బట్టలు కూశాయి. సూపర్‌వైజర్ వచ్చి చూశాడు.

“భూకంపానికి మిషను దెబ్బతింది. ఇవన్నీ రాస్తూ కూర్చోకు,” అని వెళ్లిపోయాడు.

ఆమె తన ఏప్రన్ విప్పి మిషను మీదుగా పంపింది. కిక్కురుమనలేదు. పైపులు బిగించేవాళ్ల ప్యాంటు పంపింది. కూసింది. మార్చి మార్చి మూడుసార్లు చూసింది. అదే తంతు. కూసినవాటిలో ఏ భాగం కూస్తోందో చూసి పుస్తకంలో రాసింది.

మీటింగులో కేంద్రం ఇంజనీరు గోడలకు పైపై బీటలే తప్ప లోపల చుక్క నీరు కారలేదన్నాడు. ఆమె లేచింది.

“బట్టలు కూస్తున్నాయండీ. అన్నీ మోకాళ్ల కిందే. చుక్క కారని చోట వాళ్లు దేంట్లో నిలబడి పనిచేస్తున్నారు?”

“మిషను పాడైందమ్మా. కొత్తది వస్తోంది.”

“ఆవిడ డాబా మీద పలకలున్నాయిగా, అలాగే చెబుతుంది!” అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది.

భర్త ముఖం కళ్లముందు మెదులుతుండగానే ఆమె సోలార్ వైపు చెయ్యెత్తింది. చీకటితో విసిగిపోయిన జనం కేంద్రం వైపు ఎత్తారు. ఇరవై రోజుల్లో అది నడిచింది. ఆమెను క్యాంటీన్‌కు మార్చారు.

ఇప్పుడు కరెంటు పోవడం లేదు. భర్త ముఖంలోకి రంగు వచ్చింది. ఒకరోజు లాండ్రీలోకి కొత్తగా వచ్చినామె టీ తాగుతూ అంది:

“అక్కా, కొత్త మిషను బంగారం. నెల్లాళ్లలో ఒక్కసారీ కూయలేదు.”

“వందకు ఒకటి కూడానా?”

“ఒక్కటంటే ఒక్కటి కూడా.”

ఆ సాయంత్రం ఆమె భర్త మంచాన్ని కేంద్రం వైపు కిటికీ దగ్గర నుంచి వెనక గదిలోకి లాగింది.

“ఇక్కడ గాలి రాదు కదే,” అన్నాడతను.

“కొన్నాళ్లు ఇక్కడే పడుకోండి.”

రేడియేషన్ ఇంటి గోడ అడ్డం పెడితే ఆగేది కాదని ఆమెకు తెలుసు.