ఎర్రకొండల దారిలో రక్తపరీక్ష

కంపెనీ సోలార్ ప్లాంటు పని మీద నేనూ మా బావా కొన్ని నెలలు ఆరిజోనాలో ఉన్నాం. నాది డిజైను, ఆయనది కేబుళ్ళ పని. సెలవు దొరికిన శని, ఆదివారాల్లో మాన్యుమెంట్ వ్యాలీ చూద్దామని అద్దెకారు తీశాం. ఆగాల్సిన చోట్లు, పెట్రోలు బంకులు నేను ముందే వరసగా రాసుకున్నాను.

మాది విజయనగరం, బావది ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊరు. కిడ్నీ జబ్బు అక్కడ ఇంటింటి మాట. మనుషులు ఎదురుపడితే వాన గురించి అడిగినంత మామూలుగా క్రియాటినిన్ ఎంతొచ్చిందని అడుగుతారు. ఆ అంకె పెరిగితే కిడ్నీలు చెడుతున్నట్టు. బావ తండ్రీ, అన్నా ఆ జబ్బుతోనే పోయారు. బావ మాత్రం ఒక్కసారీ పరీక్ష చేయించుకోలేదు. మా అక్క బతిమాలినప్పుడల్లా "తెలిస్తే ఏటి సేస్తావే?" అని నవ్వేసేవాడు.

రోడ్డు తిన్నగా ఎర్రమట్టిలోకి పోతోంది. మనిషి లేడు, ఇల్లు లేదు.

"ఇంత బూముంది, ఒక్క కొబ్బరి సెట్టు నేదేట్రా?"

"నీళ్ళు నేకుండా కొబ్బరెలా వస్తాది బావా?"

"మీ ఇజీనారమోళ్ళకి తెలవదులే. ఇసకలో కాయించినోళ్ళం మేం."

దారిలో ఒకచోట ఆగి, ఎండలో ఓ కొండ చుట్టూ నడిచి వచ్చేసరికి ఆయన పిక్కలు పట్టేశాయి. కారు పక్కన కూర్చుని కక్కుకున్నాడు. ఆ మొహం చూడగానే ఆఖరి రోజుల్లో వాళ్ళ అన్న గుర్తొచ్చాడు. కారు తిప్పి, దారిలో దాటొచ్చిన ఊళ్ళోని చిన్న క్లినిక్‌కి తీసుకెళ్ళాను.

సెలైన్ పెట్టిన నర్సు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా అని అడిగింది. బావ లేదని తలూపాడు. నేను ఉందన్నాను.

"నోరు ముయ్యలేవేట్రా?"

"రేపు అక్కకి నేనేటి సెప్పాలి బావా?"

ఆయన పరీక్షకి రక్తం తియ్యమని రెండో చెయ్యి చాపాడు. "కాయితం నువ్వు సూడు. నాకు సెప్పకు."

చూశాను. అంకె ఎక్కువే ఉంది. ఒంట్లో నీరు తగ్గినా ఇలా వస్తుందనీ, వారం ఆగి మళ్ళీ చేయించమనీ డాక్టరన్నాడు. అంటే రెండు కారణాలు. ఒకటి వారంలో పోయేది, రెండోది పోనిది. కారణం ఏదైనా, కాగితం మీద మాత్రం అదే అంకె.

"నీ మొకమే సెప్పేసింది," అన్నాడు బావ.

మాన్యుమెంట్ వ్యాలీ వదిలేసి వెనక్కి బయల్దేరాం. పొద్దు వాలుతుంటే రాళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. ఎక్కడా ఆగలేదు. బావ ఒళ్ళో ఫోను మోగింది. అక్క. అక్కడ తెల్లారినట్టుంది. ఆయన ఎత్తలేదు. ఆగి, మళ్ళీ మోగింది.

స్పీకర్ నొక్కబోతూ ఫోను నా వైపు పట్టుకున్నాడు.

"ముందు కొండలు బాగున్నాయని సెప్పు," అన్నాడు మెల్లగా. "ఆ తరవాత అది సెప్పు."