మోకాలి దాకా జరిగి వచ్చిన పీట

నా చిన్నప్పుడు నేను ప్రార్థన చేస్తే గజపతినగరం సంతలో ఎడ్లు బెదిరేవి. అబద్ధం. సంత మా ఊరికి రెండు కోసుల దూరం. బెదిరినవి ఎదురింటి కోళ్లు మాత్రమే. అయినా ఎనిమిదేళ్ల కుర్రాడి గొంతుకు కోళ్లు బెదరడం చిన్న విషయం కాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

అవి అరవైల చివరి రోజులు. మా వీధిలో ఏసుప్రభువును నమ్ముకున్న ఇళ్లు పట్టుమని పది లేవు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను మా గుడి అయ్యగారు ఆగమన కాలం అనేవారు, అంటే ప్రభువు రాకకోసం ఎదురుచూసే కాలం. మా నాన్నను కన్నతల్లి, మా మామ్మ, ఆ మాటను తన పద్ధతిలో అర్థం చేసుకుంది. వచ్చేవాడికి కూర్చోడానికి ఏదైనా వేయాలి కదా అని, మొదటి ఆదివారం సాయంత్రం గుమ్మం పక్కన ఒక చెక్క పీట కడిగి వేసేది. దానిమీద ఎవరూ కూర్చోకూడదు. వారం వారం ఆ పీట కొంచెం లోపలికి జరిగేది. పండుగ వేళకు మేం ప్రార్థనకు కూర్చునే చాప దగ్గరకు చేరేది. ఈ ఆచారం మరే ఇంట్లోనూ లేదు. అయ్యగారు చూసి నవ్వి ఊరుకునేవారు.

ఆ ఏడు మా నాన్న రాయగడ వైపు రోడ్డు పనికి వెళ్లాడు. దసరా నాటికి వస్తానన్నవాడు రాలేదు, కబురూ లేదు. పక్కింటి మావయ్యకు వేళాకోళం ఎక్కువ. ఓ రోజు నన్ను ఆపి, "ఏటిరా అల్లుడా, మీ అయ్య అక్కడే ఇంకో కాపరం ఎట్టీసినట్టున్నాడు. ఇంకేటి వొస్తాడు?" అన్నాడు. అతనికది నవ్వులాట. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు. అమ్మను అడుగుదామంటే ధైర్యం చాలలేదు. అమ్మ కూడా సరిగా తినడం లేదు మరి.

అందుకని దేవుణ్ణే పట్టుకున్నాను. గుడిలో పెద్దవాళ్లు చేసే ప్రార్థనలన్నీ కలిపి, ఆకాశాన్ని పరిచినవాడా, సముద్రానికి కట్ట వేసినవాడా అని మొదలుపెట్టి రాజులకోసం, సైన్యాలకోసం, నేను చూడని దేశాలకోసం వేడుకునేవాణ్ణి. నాన్న మాట మాత్రం ఎత్తేవాణ్ణి కాదు. ఎత్తితే మావయ్య అన్నదే నిజమైపోతుందని భయం. ఆ భయం ఎవరికీ తెలియకుండా గొంతు పెంచేవాణ్ణి.

ఒక సాయంత్రం మామ్మ అడ్డం వచ్చింది. "ఒరే, ఎవుడికిరా ఆ కేకలు?"

"దేవుడికి."

"ఆయన ఎక్కడున్నాడేటి?"

నేను ఇంటికప్పు వైపు వేలు చూపించాను.

"మరి ఈ పీట ఎవుడికేసినాను?"

ఆదివారం కాకపోయినా లేచి పీటను నా వైపు జరిపింది. మర్నాడు ఇంకొంచెం జరిపింది. ఆ వారం తిరిగేసరికి పీట అంచు నా మోకాలికి తగులుతోంది.

కావాలంటే మీరూ ప్రయత్నించి చూడండి. మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నవాడి మొహం మీద అరవడం కుదరదు. ఆకాశాన్ని పరిచినవాడా అని ఎత్తుకున్నానో లేదో, గొంతు దానంతటదే దిగిపోయింది. సైన్యాలు గుర్తుకు రాలేదు. పీట ఖాళీగానే ఉంది. అయినా అక్కడినుంచి ఎవరో నా మాటకోసం ముందుకు వంగినట్టనిపించింది. "నాన్న రాడేమోనని నాకు బయ్యమేస్తంది" అన్నాను. ఆమెన్ కూడా అనలేదు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకూనురా" అంది. అంతవరకు మా ఇంట్లో ఎవరి నోటా ఆ మాట రాలేదు. మామ్మ మా ఇద్దరినీ దగ్గరకు లాక్కుంది. "ఇప్పుడు సెప్పినావురా మాట. రండి, గంజి సల్లారిపోతంది" అంది. చాన్నాళ్ల తరువాత ముగ్గురం కడుపునిండా తిన్నాం.

సరిగ్గా అప్పుడే తలుపు తట్టిన చప్పుడైంది, చూస్తే నాన్న! మనవలకు ఇలాగే చెబుతాను, వాళ్లు చప్పట్లు కొడతారు. మీకు మాత్రం నిజం చెప్పాలి. నాన్న ఆ సాయంత్రం రాలేదు. క్రిస్మస్‌కీ రాలేదు. పండుగ వెళ్లాక, వరి కుప్పలు నూర్చే రోజుల్లో, జ్వరంతో సగానికి సగం చిక్కిపోయి, ఏదో లారీ దిగి నడుచుకుంటూ వచ్చాడు. అందరికన్నా ముందు ఎదురెళ్లి అతని సంచి అందుకున్నది పక్కింటి మావయ్యే. "ఏటైపోనావు బావా" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు కూడా.

కాని ఆ మధ్యలో గడిచిన రోజులన్నీ నేను హాయిగా నిద్రపోయాను. నా భయం సంగతి దేవుడికి తెలుసు, ఇక దాన్ని నేనొక్కణ్ణే మోయనక్కర్లేదు అనిపించేది. నాన్న వచ్చాక దేవుణ్ణి నమ్మడం పెద్ద గొప్పేమీ కాదు. నాకు ఆ నమ్మకం నాన్న రాకముందే దొరికింది.

మనుషుల దగ్గర గోరంతను కొండంత చేసి చెప్పే అలవాటు నాకు పోలేదు, పోదు కూడా. ఆయన దగ్గర మాత్రం ఉన్నదే చెబుతాను. మా ఆవిడకు కంటి ఆపరేషన్ అంటే నాకు భయంగా ఉందని నిన్న సాయంత్రం చెప్పుకున్నాను. పక్క గదిలో ఉన్న ఆవిడకు కూడా వినపడనంత మెల్లగా.