పెట్టెలో వెలిసిన రంగు

దయ్యాల ముచ్చట వస్తే నవ్వి లేచిపోయేవాణ్ని నేను. కెమిస్ట్రీ చదివి, అదే చెప్పి బతికినవాణ్ని. కొలతకు అందనిదాన్ని లెక్కలోకి తీసుకోను. ఇప్పుడు రాస్తున్నది కూడా నేను కొలిచి చూసిందే.

ఎనభైల నడుమ కరీంనగర్‌లో లెక్చరర్‌గా ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పని ఒక రంగును తయారుచేయడం. ఆ రంగు కలిపిన ప్లాస్టిక్ పలకను ఎండలో పెడితే, మీద పడ్డ వెలుగంతా లోపల చిక్కుకుని అంచుల్లోంచి బయటికొస్తుంది. అంచుకు చిన్న సోలార్ సెల్లు అతికిస్తే చాలు, కరెంటు వస్తుంది. చిక్కేమిటంటే ఎండ కోసం చేసిన రంగు ఆ ఎండకే చచ్చిపోతుంది. అణువులో ఒక ముక్క తీసి ఇంకోటి తగిలిస్తూ నాలుగేళ్లు గడిపాను.

మా బాపు సిరిసిల్లలో నూలుకు రంగులద్దేవాడు. ప్రతి తొట్టిలోంచీ ఒక నూలు చిలప, అంటే చిన్న దారపు కట్ట, తీసి చెక్కపెట్టెలో దాచేవాడు. చీర వెలిసిందని ఎవరైనా తగాదాకు వస్తే ఆ చిలపను చీర పక్కన పెట్టి చూపేవాడు. నా పని చూసి ఆ పెట్టె నాకిచ్చాడు.

"ఎండల రంగు పోతది గని పెట్టెల పోదురా. పెట్టె అబద్ధం చెప్పది," అన్నాడు.

నేనూ అలాగే చేశాను. ఒకే పలకను రెండు ముక్కలు కోసి, ఒకటి కాలేజీ డాబా మీద ఎండకు పెట్టాను. రెండోది నల్లగుడ్డలో చుట్టి పెట్టెలో దాచి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే.

ఆ వారమే బాపు కాలికి మేకు దిగి ధనుర్వాతం వచ్చింది. కరీంనగర్ ఆస్పత్రిలో చీకటి గదిలో ఉంచి, కిటికీలకు దుప్పట్లు కట్టారు. మూడో రోజు బిగుసుకున్న పళ్ల సందులోంచి, "జర నన్ను ఎండల పండవెట్టురా," అన్నాడు.

డాక్టర్ని అడిగాను. "వెలుతురు తాకితే ఫిట్స్ వస్తయ్, పాణానికే మోసం. ఓపిక పట్టుండ్రి," అన్నాడు.

"రేపు, బాపు," అన్నాను. మర్నాడూ అదే అన్నాను.

ఆ సాయంత్రం ల్యాబుకు వెళ్లి ముక్కలు కొలిచాను. డాబా ముక్క ఏమీ మారలేదు. పెట్టెలోది సగానికి సగం వెలిసింది. తారుమారయ్యాయేమోనని మూలల్లో గీసిన గుర్తులు చూశాను. సరిగ్గానే ఉన్నాయి. దాని పక్కనే ఉన్న బాపు చిలపలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. మర్నాటికి ముక్క ఇంకా పలచబడింది.

భయమేసింది. డాక్టరు గది దాకా పరుగెత్తాను. తలుపు దగ్గరే ఆగిపోయాను. ప్లాస్టిక్ ముక్క వెలిసింది, కిటికీ తెరవండి అని ఎలా చెప్పను? చెప్పకుండానే తిరిగొచ్చాను.

ఏడో రోజు మిట్టమధ్యాహ్నం బాపు పోయాడు. అన్నీ అయ్యాక పెట్టె తెరిచాను. ముక్క కిటికీ అద్దంలా రంగు లేకుండా ఉంది.

మా గైడు ఏదో కల్తీ అయ్యుంటుందన్నారు. రెండూ ఒకే పలకవి కదా సార్ అంటే మాట మార్చారు.

డాబా ముక్క ఇప్పటికీ మా ఇంటి కిటికీలో ఉంది. నా లెక్కన ఏడాదిలో వెలిసిపోవాలి. అంచు ఇంకా వెలుగుతూనే ఉంది. ఎందుకో నాకు తెలియదు. కిటికీ తెరిస్తే బాపు బతికేవాడని అననుగానీ, డాక్టరు తప్పూ లేదుగానీ, బాపు నన్ను అడిగింది కాసింత ఎండ. నేను రేపన్నాను.